పిల్లల రాతకు పిల్లలే తొలి పాఠకులు: హైస్కూల్ తెలుగు తరగతికి సమగ్ర మార్గదర్శి

మన నల్లగొండ, పాలమూరు సర్కారు బడుల్లో తెలుగు చెప్పే ప్రతి టీచరుకూ ఈ నోట్‌బుక్కుల కట్ట తెలుసు. 'స్వీయరచన' కింద నలభై మంది రాసిన జవాబులు ఉంటాయి. సగం గైడులోంచి దిగినవి, మిగతా సగం వాటిని చూసి దిగినవి. ఎర్రపెన్నుతో టిక్కు పెట్టి, సంతకం, తేదీ వేసి తిరిగి ఇచ్చేస్తాం. పిల్లలు మార్కు చూసుకుని నోట్‌బుక్కు మూసేస్తారు. ఆ రాతలో ఏముందో తెలుసుకోవాలని ఎవరూ ఎదురుచూడలేదు. అందుకే అది అట్లా ఉంది.

పట్టి రాయాలంటే చదివేవాళ్లు కావాలి. ఆ చదివే మనిషి పక్క బెంచీలోనే ఉన్నాడు. కానీ వాడి చేతికి ఎర్రపెన్ను ఇస్తే వాడు మనలాగే ఒత్తులూ దీర్ఘాలూ వెతుకుతాడు, రాసినవాడు ముడుచుకుపోతాడు. వాడికి అప్పగించాల్సిన పని వేరే ఉంది: చదివి, తనకు అర్థం కానిది ఒక చీటీ మీద రాసి అడగాలి. కింద చెప్పేదంతా ఈ ఒక్క మార్పు మీద నిలబడింది. ఏడు నుంచి తొమ్మిదో తరగతి వరకు ఇది బాగా కుదురుతుంది. ఫోన్లూ కంప్యూటర్లూ అక్కర్లేదు. కాగితం, పెన్సిల్, ఒక గోడ చాలు.

ముందు గోడ చూసుకోండి

రాయించడం మొదలుపెట్టకముందే ఆ రాత చివరికి ఎక్కడికి చేరుతుందో ఖాయం చేయాలి. మధ్యాహ్న భోజనానికి పిల్లలు వరుసలో నిలబడే వరండా అన్నిటికంటే మంచి చోటు. అక్కడ చేతిలో పళ్లెం పట్టుకుని ఎదురుచూసే పిల్లలు ఏది కనిపిస్తే అది చదువుతారు. స్టాఫ్‌రూమ్ పక్కన పెడితే టీచర్లు తప్ప ఎవరూ చూడరు. ఆరో తరగతి పిల్లల కంటి ఎత్తులో నాలుగు డ్రాయింగ్ షీట్లు పట్టేంత జాగా చాలు. వాన జల్లు కొట్టని గోడ కావాలి. హెచ్‌ఎం గారితో ముందే మాట్లాడి, ఆ గోడను ఏడాదంతా గోడపత్రికకే వదిలేయమని అడగండి.

తర్వాత పిల్లలను అక్కడికి తీసుకెళ్లి, "మీరు రాసింది ఇక్కడికి వస్తది, ఆరో తరగతోళ్లు చదువుతరు" అని చెప్పండి. ఈ ప్రాంతానికి పత్రికల చరిత్ర ఉందని కూడా అక్కడే నాలుగు ముక్కల్లో చెప్పవచ్చు. 1922లోనే నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామనరసింహారావు 'నీలగిరి పత్రిక' నడిపారు. గద్వాల ప్రాంతానికి చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో 'గోలకొండ పత్రిక' మొదలుపెట్టారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా, ఊరూరి నుంచి కవితలు తెప్పించి 1934లో 354 మంది కవులతో సంచిక వేశారు. సంపాదకుడి పనిలో పెద్ద భాగం రాయమని అడగడమే. రేపు మీ తరగతిలో సంపాదకులుగా ఉండే పిల్లలు చేయాల్సిందీ అదే.

రాయడానికి ఏమివ్వాలి

'అడవుల వల్ల ఉపయోగాలు', 'విద్యార్థి-క్రమశిక్షణ' వంటివి ఇస్తే పిల్లలు ఒకరినొకరు అడగడానికి ఏమీ ఉండదు. అందరికీ అవే వాక్యాలు తెలుసు. రాసేవాడికి తెలిసి, చదివేవాడికి తెలియని సంగతి ఉన్నచోటే ప్రశ్న పుడుతుంది. కాబట్టి విషయాన్ని పిల్లల చేతుల్లోంచీ ఇంట్లోంచీ తీయాలి.

బోరు బండి వచ్చిన రాత్రి. బత్తాయి తోటకు నీళ్లు కట్టడం. కురుమూర్తి జాతరకు పోయిన రోజు. జొన్నరొట్టె పగలకుండా తట్టడం. బతుకమ్మకు తంగేడు, గునుగు తెచ్చిన దారి. మా ఇంట్లో బర్రె ఈనిన రోజు. ఇవన్నీ పనికొస్తాయి. మునుగోడు, మర్రిగూడ వైపు బడుల్లో అయితే 'మా ఇంటికి నీళ్లు ఎట్ల వస్తయి, అవ్వ చిన్నప్పుడు ఎట్ల వచ్చేవి' అన్న ఒక్క ప్రశ్నతో పిల్లలు పేజీలు నింపగలరు, ఎందుకంటే ఫ్లోరైడ్ నీళ్ల కాలం ఇంట్లో పెద్దల నోట ఇంకా ఉంది. అయితే ఇంట్లో ఆ జబ్బుతో ఉన్న మనిషి గురించి గోడ మీదికి రాయించకండి. నీళ్ల గురించి అడగండి, చాలు.

మొదటిసారి అందరికీ ఒకే విషయం ఇవ్వకుండా, ఏడెనిమిది బోర్డు మీద రాసి ఏరుకోమనండి. 'నాకు చేయవచ్చిన ఒక పని' అన్నది ఎప్పుడూ ఆ జాబితాలో ఉండాలి. చదువులో వెనకబడ్డాడని మనం అనుకునే పిల్లవాడికి సైకిల్ పంక్చర్ వేయడమో, గొర్రెలకు మందు తాపడమో వస్తుంది. ఆ రోజు వాడికి తెలిసింది తరగతిలో ఇంకెవరికీ తెలియదు.

మాట్లాడాకే రాత

ఒక పీరియడ్‌లో మొదటి పది నిమిషాలు పక్కవాళ్లకు నోటితో చెప్పమనండి. తరగతిలో గోల లేస్తుంది, లేవనివ్వండి. నోటితో చెప్పేటప్పుడు వచ్చే వివరాలు నేరుగా కాగితం మీదికి రావు. చెప్పిన వెంటనే రాస్తే కొన్నయినా వస్తాయి.

చిత్తుప్రతి విడి కాగితం మీద, ఒక గీత విడిచి ఒక గీతలో రాయించండి. ఆ ఖాళీ గీతలే తర్వాత మార్పులు పట్టే చోటు. నోట్‌బుక్కులో రాస్తే కొట్టివేతలకు భయపడతారు, ఎందుకంటే అక్కడ కొట్టివేత లేని రాతకే మనం 'గుడ్' వేస్తూ వచ్చాం. చిత్తులో స్పెల్లింగ్ చూడబోమని ముందే చెప్పి, ఆ మాట మీద నిలబడండి. ఇరవై నిమిషాలకు కాగితాలు తీసుకోండి. పూర్తి కాకపోయినా పర్వాలేదు. ఇంటికి పంపితే గైడు తెరుచుకుంటుంది, లేదా అన్నయ్య రాసిస్తాడు.

చీటీ రాయడం ముందు మీరు చూపించాలి

ఇది దాటేసినచోటే ఈ పద్ధతి కూలిపోతుంది. 'ఒకరిది ఒకరు చదివి అభిప్రాయం రాయండి' అని వదిలేస్తే 'బాగుంది', 'సూపర్', 'నీ రాత బాగలేదు' అన్న మూడు మాటలే వస్తాయి. పిల్లలకు అంతకుమించి తెలిసే అవకాశం మనం ఎప్పుడూ ఇవ్వలేదు.

కాబట్టి మీరే ఒక చిత్తు రాసి బోర్డు మీద పెట్టండి. మీ చిన్నప్పటి బడి గురించో, మొదటిసారి హైదరాబాద్ బస్సెక్కిన రోజు గురించో ఎనిమిది వాక్యాలు చాలు. అందులో ఒకట్రెండు చోట్ల కావాలనే గాలి మాటలు ఉంచండి: 'ఆ రోజు చాలా ఆనందంగా గడిచింది' లాంటివి. ఇప్పుడు మిమ్మల్ని ప్రశ్నలు అడగమనండి. సారునో మేడమునో అడగడమంటే మొదట వెనకాడతారు. ఒకరు "బస్సుల సీటు దొరికిందా సార్?" అని అడిగారంటే తలుపు తెరుచుకున్నట్టే. ఆ ప్రశ్నకు జవాబును అక్కడే, వాళ్ల కళ్ల ముందే, ఖాళీ గీతలో రాయండి. టీచరు కూడా కొట్టేసి తిరిగి రాస్తారని వాళ్లు చూడాలి.

ఆ తర్వాత చీటీ నమూనా ఇవ్వండి. అందులో మూడే వాక్యాలు:

నీ రాతలో నాకు బాగా కనిపించింది...
ఇక్కడ నాకు అర్థం కాలేదు...
నాకు ఇంకా తెలుసుకోవాలని ఉంది...

మొదటి వాక్యంలో 'బాగుంది' అన్న మాట నిషేధం. రాతలోని ఒక ముక్కను యథాతథంగా ఎత్తి రాయాలి. అట్లా రాయాలంటే చదవక తప్పదు. మూడో వాక్యం తప్పనిసరిగా ప్రశ్నతో ముగియాలి. అక్షరదోషాల గురించి చీటీలో ఒక్క మాటా ఉండకూడదు. చీటీ కింద రాసినవాళ్ల పేరు ఉండాలి. పేరు లేకపోతే వెటకారం మొదలవుతుంది.

ఇద్దరు కాదు, ముగ్గురు

జంటలుగా కూర్చోబెడితే మన జిల్లాల్లో ఒక చిక్కు ఉంది. పత్తి ఏరే రోజుల్లో తరగతిలో హాజరు పడిపోతుంది. పాలమూరు వైపు దసరా, దీపావళి దాటితే కొన్ని కుటుంబాలు ముంబై, పుణె పనులకు కదులుతాయి. జంటలో ఒకరు రాకపోతే రెండోవాళ్ల రాత చదివేవాళ్లుండరు. ముగ్గురుంటే ఒకరు లేకపోయినా పని ఆగదు. పైగా ఒకే రాతకు రెండు చీటీలు వస్తాయి. ఇద్దరూ ఒకే చోట అర్థం కాలేదంటే ఆ చోటు మార్చాలని రాసినవాళ్లకే తెలుస్తుంది. మీరు చెప్పక్కర్లేదు.

ముగ్గురిలో తేలిగ్గా చదవగలిగినవాళ్లు ఒకరైనా ఉండాలి. దగ్గరి సోపతిగాళ్లను ఒకే గుంపులో వేస్తే చీటీలన్నీ పొగడ్తలే అవుతాయి. అమ్మాయిలు, అబ్బాయిలు కలిసి కూర్చోవడానికి ఇబ్బంది పడే తరగతి అయితే మొదట్లో బలవంతం వద్దు. కాగితాలు మారితే చాలు, మనుషులు తర్వాత మారతారు. చదవడం ఇంకా రాని పిల్లలుంటే వాళ్ల కోసం రాసినవాళ్లే పైకి చదవాలి, వాళ్లు నోటితో ప్రశ్న అడగాలి. ఆ ప్రశ్నను మూడోవాళ్లు చీటీ మీద రాస్తారు. ఇట్లాంటి పిల్లలు అడిగే ప్రశ్నలు తరచుగా అందరికంటే సూటిగా ఉంటాయి.

ఒక రాత దగ్గర ఆగి చూద్దాం

ఎనిమిదో తరగతి పిల్లవాడి చిత్తు ఇట్లా ఉందనుకోండి:

"మా ఊరిలో పత్తి పండిస్తారు. పత్తిని తెల్ల బంగారం అంటారు. నేను సెలవు రోజు మా చెల్కలో పత్తి ఏరడానికి వెళ్తాను. అది చాలా కష్టమైన పని. రైతు దేశానికి వెన్నెముక. అందరూ రైతులను గౌరవించాలి."

తప్పుల్లేవు. మామూలుగా అయితే ఐదుకు నాలుగు మార్కులు పడతాయి. ఇప్పుడు గుంపులో ఒకమ్మాయి రాసిన చీటీ చూడండి:

"నీ రాతలో నాకు బాగా కనిపించింది 'మా చెల్కలో'. ఇక్కడ నాకు అర్థం కాలేదు, 'చాలా కష్టం' అన్నవ్, ఏం కష్టమో లేదు. నాకు ఇంకా తెలుసుకోవాలని ఉంది, పొద్దుగాల ఎన్నింటికి పోతరు? చేతులకు ఏమైతది?"

రెండో ప్రతి ఇట్లా మారుతుంది:

"పొద్దుగాల పోతే మంచు పడి పత్తి తడిగుంటది. ఎండొచ్చినంక ఏరుడు మొదలుపెడతం. ఎండిన కాయ మొనలు గట్టిగుంటయి, గోరు పక్కన గుచ్చుకుంటయి. అమ్మ వేళ్లకు గుడ్డపీలిక చుట్టుకుంటది. నేను చుట్టుకుంటే పత్తి చేతికి రాదు. అందుకే నా వేళ్లే ఎక్కువ గీరుకపోతయి."

వెన్నెముక పోయింది, వేళ్లు వచ్చాయి. పోనివ్వమని టీచరు చెప్పలేదు. అమ్మాయి అడిగిన దానికి జవాబు చెప్పుకుంటూ పోతే ఆ వాక్యానికి చోటు మిగల్లేదు.

ఇక్కడితో ఆగకపోవచ్చు. మూడోవాడు "తడి పత్తి ఏరితే ఏమైతది?" అని అడిగాడనుకోండి. రాసినవాడికి తెలియదు. ఇంటికెళ్లి నాయిన్ని అడుగుతాడు. తేమ 8 శాతం ఉంటే పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐ పూర్తి మద్దతు ధర ఇస్తుందని, అంతకు మించితే ధర తగ్గుతుందని, 12 శాతం దాటితే కొనదని నాయిన చెప్తాడు. మర్నాడు అది రాతలోకి వస్తుంది. ఒక ప్రశ్న పిల్లవాణ్ని పొలం లెక్కల దాకా తీసుకెళ్లింది. ప్రాజెక్టు పని పేరుతో మనం చేయించాలని చూసేది ఇదే.

చీటీలు అందాక రాసినవాళ్లకు ఒక హక్కు ఉందని గట్టిగా చెప్పండి: అడిగిన ప్రతిదానికీ జవాబు రాతలో పెట్టనక్కర్లేదు. ఏది పెట్టాలో, ఏది వదలాలో వాళ్లే తేల్చుకోవాలి. వదిలేస్తే ఎందుకు వదిలారో చీటీ వెనక ఒక వాక్యం రాస్తే చాలు. 'అది చెప్పడం నాకు ఇష్టం లేదు' అన్నది కూడా సరైన కారణమే.

భాష సంగతి చివర

పైన పిల్లవాడి రెండో ప్రతి ఇంటి భాషలో ఉంది. దాన్ని 'ఏరడం మొదలుపెడతాము' అని మార్చాలా? నా అభిప్రాయం స్పష్టంగా చెప్తాను: గోడపత్రికలో మార్చకూడదు. అమ్మ వేళ్ల గురించి అమ్మ మాటల్లోనే చెప్పగలరు. కాళోజీ పుట్టినరోజైన సెప్టెంబర్ 9ని మనం తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు వ్యాసరచన పోటీ పెట్టి, ఇంటి మాట రాసినవాళ్లకు ఎర్రగీత గీస్తే ఎట్లా? మీ మొదటి గోడపత్రికకు సెప్టెంబర్ 9ని గడువుగా పెట్టుకోండి. జూన్‌లో బడి తెరిచినప్పటి నుంచి తీరుబాటుగా సిద్ధం కావచ్చు.

పరీక్షలో రాసే తీరు వేరని కూడా పిల్లలకు తెలియాలి. అందుకు ఒక చిన్న అభ్యాసం బాగా పనిచేస్తుంది. ఇంటి మాటలో రాసిన పేరాలో ఐదు వాక్యాలను పరీక్ష భాషలోకి మార్చి నోట్‌బుక్కులో రాయించండి. రెండూ వాళ్ల చేతిలోనే ఉంటాయి, దేనికీ చిన్నతనం ఉండదు.

అక్షరదోషాల పని సాపు ప్రతికి ముందు, ఒక్కసారే. గుంపులో ఒకరు పైకి చదువుతుంటే మిగతా ఇద్దరు పెన్సిల్‌తో సున్నా చుట్టాలి, దిద్దకూడదు. దిద్దుకునేది రాసినవాళ్లు. అన్నీ ఒకేసారి చూడకుండా ఈసారి దీర్ఘాలు, వచ్చేసారి ఒత్తులు, ఆ పైసారి ల-ళ, న-ణ, మరోసారి శ-ష-స అని ఒక్కొక్కటి పెట్టుకోండి. మీరు మిగిలినవి చూసి, ముగ్గురు నలుగురికి ఉమ్మడిగా వచ్చే తప్పును మర్నాడు బోర్డు మీద చెప్పండి.

గోడకెక్కించడం

సాపు ప్రతి ఒక పేజీ దాటకూడదు, అక్షరాలు పెద్దవిగా ఉండాలి. నెలకు ముగ్గురు చొప్పున సంపాదకులు మారుతూ రావాలి. ఎవరివి వచ్చాయి, ఎవరివి రాలేదు, ఎవర్ని మళ్లీ అడగాలి అన్నది వాళ్ల పని. మంచివి ఏరి పెట్టడం వాళ్ల పని కాదు. ఏడాదిలో ప్రతి పిల్లవాడి రాతా గోడ మీదికి రావాలి. ఎంపిక మొదలైతే మళ్లీ అదే ఐదుగురు మిగులుతారు.

ప్రతి రాత కింద ఒక కాగితపు సంచి అంటించండి. పక్కనే దారంతో కట్టిన పెన్సిలు, ఖాళీ చీటీలు. ఆరో తరగతి పిల్లలు ప్రశ్న రాసి అందులో వేస్తారు. వారానికోసారి సంచి విప్పి, రాసినవాళ్లకే ఇవ్వాలి. అంతకుముందు మీరు ఒకసారి చదవండి. బాధపెట్టే చీటీ ఉంటే తీసేసి, ఆ చీటీ రాసినవాళ్లను పిలిచి విడిగా మాట్లాడండి.

వేళ, మార్కులు

పదిహేను రోజులకు ఒక రాత అనుకుంటే నాలుగు పీరియడ్లు పడుతుంది: చిత్తు ఒకటి, చీటీలు ఒకటి, తిరగరాత ఒకటి, అక్షరదోషాలూ సాపూ కలిపి ఒకటి. సిలబస్ ఎట్లా అవుతుందన్న దిగులు సహజం. పాఠం చివర ఎటూ స్వీయరచన, సృజనాత్మకత రాయించాలి, ఎఫ్‌ఏ (నిర్మాణాత్మక మూల్యాంకనం)లో రాత అంశాలు ఎటూ చూడాలి. ఆ వేళనే దీనికి వాడండి. మార్కు వేసేటప్పుడు సాపు ప్రతిని మాత్రమే చూడకండి. చిత్తు, చీటీలు, సాపు ప్రతి కలిపి కుట్టి చూస్తే ఎంత దూరం వచ్చారో కనిపిస్తుంది. ఇతరులకు రాసిన చీటీలకు కూడా మార్కులో వాటా ఇస్తే వాటిని శ్రద్ధగా రాస్తారు.

గోడ మీదికి రాకూడనివి

నిజం రాయమంటే పిల్లలు నిజమే రాస్తారు. నాయిన తాగొచ్చి కొట్టడం, అప్పులోళ్లు ఇంటికి రావడం, అక్కకు చదువు మాన్పించి పెళ్లి మాట్లాడటం వంటివి చిత్తులో కనిపించవచ్చు. అందుకే చిత్తులను గుంపుల్లోకి పంపకముందు మీరు ఒకసారి కళ్లతో చూడాలి. ఇది తప్పించుకోకూడని పని. అట్లాంటి రాత రాసినందుకు ఆ బిడ్డకు ధన్యవాదం చెప్పి, విడిగా మాట్లాడి, గోడకు ఇంకో రాత ఇమ్మనండి. బాల్యవివాహం, హింస వంటివి తెలిస్తే పిల్లల సహాయవాణి 1098కు ఫోన్ చేయవచ్చు. లైంగిక వేధింపు అని అనుమానం వచ్చినా పోక్సో చట్టం ప్రకారం తెలియజేయడం మన బాధ్యత, మన ఇష్టానికి వదిలిన విషయం కాదు.

గోడపత్రిక ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం మామూలైపోయింది. పేరు, ఊరు, ఇంటి సంగతులు ఉన్న పిల్లల రాతలను అట్లా బయటికి పంపకండి. పంపాలనుకుంటే పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ అడిగి, పేర్లు కనిపించకుండా పంపండి.

ఇంకో బడితో మార్పిడి

ఒక దశ దాటాక తరగతిలోని ప్రశ్నలు అయిపోతాయి, ఎందుకంటే అందరిదీ ఒకే ఊరు. 1920లలో ఫ్రాన్స్‌లో సెలెస్టిన్ ఫ్రెనె అనే పల్లెటూరి టీచరు పిల్లల రాతలను బడిలోనే చిన్న ముద్రణయంత్రం మీద అచ్చువేయించి, దూరాన ఉన్న ఇంకో బడి పిల్లలకు పంపించేవాడు. వాళ్లవి వీళ్లకు వచ్చేవి. మనకు జిరాక్స్ ఉంది, పోస్టు ఉంది.

సాగర్ ఎడమ కాలువ కింద వరి చూసి పెరిగిన మిర్యాలగూడ వైపు పిల్లలకు, మగ్గం చప్పుడు తెలిసిన నారాయణపేట పిల్లలు రాసి పంపితే ప్రశ్నలు మళ్లీ పుడతాయి. 'పేక అంటే ఏంది?', 'మీ కాల్వల ఈత కొడతరా?', 'కాల్వ బందయితే ఏం జేస్తరు?' అందరికీ తెలుసులే అని రాసినవాళ్లు వదిలేసిన సంగతులన్నీ ఈ చీటీలు బయటికి లాగుతాయి.

బదిలీల్లో, ట్రైనింగుల్లో పరిచయమైన టీచరు ఒకరు చాలు. ఒక్కో బడి పది రాతల జిరాక్సులు, ఖాళీ చీటీలు ఒక కవరులో పెట్టి పంపాలి. పేరు ముందరి అక్షరం, తరగతి చాలు, ఇంటి వివరాలు వద్దు. చీటీలు తిరిగి రావడానికి మూడు వారాల గడువు పెట్టుకోండి. అంతకు మించితే పిల్లల్లో ఆసక్తి చల్లబడుతుంది. మొదటి మార్పిడి దసరా సెలవులకు ముందు, వలస కుటుంబాలు ఇంకా ఊళ్లో ఉండగానే జరగాలి. రెండోది సంక్రాంతి అయిన వారంలో పంపితే వార్షిక పరీక్షల హడావుడి మొదలయ్యేలోపు జవాబులు చేతికొస్తాయి.